వీసం నుంచి వర్గమూలం దాకా

తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకంలో మొదటి పాఠమే వాస్తవ సంఖ్యలు. ఒకదాని చుట్టూ ఒకటిగా గీసిన గీతల బొమ్మతో ఆ పాఠం చెబుతారు. నడిమధ్యన 1, 2, 3 అనే సహజ సంఖ్యలు. సున్న చేరితే పూర్ణాంకాలు. రుణ సంఖ్యలు కూడా వస్తే పూర్ణసంఖ్యలు. భిన్నాలు కలిస్తే అకరణీయ సంఖ్యలు. విడిగా ఓ పక్కన √2, పై లాంటి కరణీయ సంఖ్యలు. అన్నీ కలిపి వాస్తవ సంఖ్యలు. ఈ బొమ్మ చూసిన పిల్లలకి సంఖ్యలు ఇదే వరసలో పుట్టాయని, ఏది పెద్ద ఏది చిన్న అన్న అభ్యాసాలు ఆ తర్వాత వచ్చాయని అనిపిస్తే వాళ్ళ తప్పేం లేదు. చరిత్ర మాత్రం దాదాపు తలకిందులుగా నడిచింది. పోల్చడమే ముందు పుట్టింది. కృష్ణ సముద్రంలో కలిసే ఈ చివరి నేల మీద, బందరు రేవులో, గుడివాడ మాగాణుల్లో, దివిసీమ లంకల్లో, జనం శతాబ్దాల తరబడి సంఖ్యల్ని పక్కపక్కన పెట్టి బేరాలాడారు, పంపకాలు చేసుకున్నారు. ఈ సంఖ్య ఏ జాతిది అని అడగాల్సిన అవసరం పోలిక మొరాయించిన చోటే వచ్చింది.

ముందు భిన్నాల సంగతి చెప్పాలి. పుస్తకంలో నాలుగో గీతలో కూర్చున్నా, వరి పండే ఊళ్ళో భిన్నమే పాత కాపు. గింజల కొలత నాలుగు నాలుగుగా సాగేది: నాలుగు గిద్దెలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. పైన ఇరవై తూములు పుట్టి. కుంచం పరిమాణం ఊరికో రకంగా ఉండొచ్చు గానీ లెక్కలోని నాలుగు మారలేదు. ఒకటిలో నాలుగో వంతు పావు, పావులో పావు వీసం, వీసంలో పావు కాణి. అంటే 1/4, 1/16, 1/64. ఊరి లెక్కలు రాసే కరణాలు వీటికి ప్రత్యేకమైన గుర్తులు వాడేవారు. పావు స్థానంలో నిలువు గీతలు: ఒక గీత పావు, రెండు అర, మూడు ముప్పావు. దాని పక్కన వీసాల స్థానంలో అడ్డగీతలు, ఒకటో రెండో మూడో. ఆ పక్కన కాణుల స్థానంలో మళ్ళీ నిలువు గీతలు. నిలువూ అడ్డమూ మారి మారి వస్తాయి కాబట్టి ఏ గీత ఏ స్థానానిదో చూడగానే తెలిసిపోతుంది. నిలువు గీతల చోట ఏమీ లేకపోతే హళ్ళి పెట్టాలి, అడ్డగీతల చోట ఏమీ లేకపోతే సున్న. హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న అని ఇప్పటికీ అంటున్నాం. అందులో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరూ వీళ్ళే.

1820లలో బందరులో ఉద్యోగం చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన తెలుగు వ్యాకరణంలో ఈ గుర్తుల్ని వివరించాడు. 2008లో ఇవి యూనికోడ్‌లోకి కూడా వచ్చాయి. ఇప్పుడు వీటిని ఫోనులో చూపించవచ్చు, చదవగలిగేవాళ్ళు మాత్రం దాదాపు లేరు.

పోల్చడానికి ఈ పద్ధతి ఎంత వీలో చూడండి. 11/16, 45/64 వీటిలో ఏది పెద్దది? బడిలో అయితే హారాలు సమానం చెయ్యాలి. కరణం అర, మూడు వీసాలు అని ఒకటి రాస్తాడు. అర, మూడు వీసాలు, ఒక కాణి అని రెండోది రాస్తాడు. ఎడమ నుంచి చూసుకుంటూ వస్తే కాణి దగ్గర తేడా బయటపడుతుంది. ఇవాళ 0.6875ని, 0.703125ని పోల్చేటప్పుడు మనం చేసేది అచ్చంగా ఇదే. వీధిబడుల్లో పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం, వీసం ఎక్కం వల్లె వేయించింది ఇందుకే. పదో తరగతి దాకా వచ్చి కూడా 5/7 పెద్దదా 11/16 పెద్దదా అంటే తడబడే పిల్లల్ని చూస్తే, ఆ ఎక్కాలు మానేసి మనం కొంచెం పోగొట్టుకున్నామనే నా అభిప్రాయం.

అయితే ఈ గీతలకీ ఒక చిక్కు ఉంది. ముగ్గురు అన్నదమ్ములు పంచుకుంటున్నారు. మూడో వంతుని గీతల్లో రాయాలి. పావు వేస్తే 1/12 మిగులుతుంది. వీసం వేస్తే 1/48 మిగులుతుంది. కాణి వేస్తే 1/192. అక్కడ ఆగదు. ప్రతి స్థానంలోనూ ఒకే ఒక గీత, ప్రతిసారీ అంతకు ముందు మిగిలినదాంట్లో పావు మిగులు. పావు, వీసం, కాణి, కాణిలో పావు, అలా ఎంత దూరం పోయినా 1/3 అందదు. ఇక్కడే నాకు ముచ్చటగా అనిపించే సంగతి ఒకటి ఉంది. ఈస్టిండియా కుంఫిణీ కాలపు రూపాయికి 16 అణాలు, అణాకి 12 దమ్మిడీలు. మొత్తం 192. పావు, వీసం, కాణి వేశాక మిగిలిపోయిన ఆ 1/192 సరిగ్గా ఒక దమ్మిడీ! నాలుగుల లెక్కలో కుదరని మూడో వంతు అణాలోని పన్నెండు వల్ల కుదిరిపోయింది. రూపాయిని ముగ్గురికి పంచితే తలకి అయిదణాల నాలుగు దమ్మిడీలు, పైస తేడా లేదు.

రుణ సంఖ్యలకి వచ్చే ముందు ఒక పుస్తకాన్ని తలచుకోవాలి. 628లో బ్రహ్మగుప్తుడు ధనం, రుణం, సున్న ఈ మూడింటి కూడికలకీ గుణకారాలకీ నియమాలు రాశాడు. 850 ప్రాంతంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రాశాడు. దాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో మనకి తెలిసిన మొదటి గణిత గ్రంథం అది. భారతం తెలుగు చేస్తున్న కాలంలోనే లెక్కలు కూడా తెలుగయ్యాయన్నమాట. సాహిత్య చరిత్రలు మల్లనకి ఒక పేరాతో సరిపెడతాయి, అది న్యాయం కాదు.

మహావీరుడు సంస్కృతంలో చెప్పిన ఒక మాట వర్గీకరణ చరిత్రలో మైలురాయి. ధనాన్ని వర్గం చేసినా రుణాన్ని వర్గం చేసినా వచ్చేది ధనమే కాబట్టి, రుణ సంఖ్య దేనికీ వర్గం కాలేదు, దానికి వర్గమూలం లేదు అన్నాడు. వాస్తవ సంఖ్యల పొలానికి ఒక గట్టు అక్కడ పడింది. గట్టు అవతల ఏముందో చూడాలన్న కోరిక ఇటలీలో 16వ శతాబ్దంలో గానీ పుట్టలేదు.

రుణాల్లో చిన్నా పెద్దా తేల్చడం పిల్లలకి ఎప్పుడూ గందరగోళమే. 500కన్నా 300 చిన్నది కదా, మరి −500కన్నా −300 పెద్దదెలా అవుతుంది? బందరు చుట్టుపక్కల నేతగాళ్ళకి ఈ సందేహం రాదు. కుంఫిణీల తరఫున వర్తకులు ముందుగా సొమ్మిచ్చి బట్ట నేయించుకునే రోజుల్లో, మగ్గం ఉన్న ప్రతి ఇంటికీ లెక్కల పుస్తకంలో ఒక బాకీ పేజీ ఉండేది. 300 బాకీ ఉన్నవాడు 500 బాకీ ఉన్నవాడికన్నా మెరుగైన స్థితిలో ఉన్నాడు. ఏ బాకీ లేనివాడు ఇద్దరికన్నా పైన. అప్పు లేనివాడే అధిక సంపన్నుడు అన్న సామెతలో ఉన్నది ఈ వరసే: రుణం కన్నా సున్న పెద్దది. బాకీ ఎంత బరువు అన్నది వేరే ప్రశ్న. గుర్తు తీసేసి చూసే ఆ బరువునే పుస్తకం పరమ మూల్యం అంటుంది. రెండు ప్రశ్నల్నీ కలిపేయడంలోనే గందరగోళమంతా ఉంది. 18వ శతాబ్దంలో కూడా ఇంగ్లండులో ఫ్రాన్సిస్ మసేరెస్ లాంటివాళ్ళు రుణ సంఖ్యల్ని బీజగణితం నుంచి వెళ్ళగొట్టాలని పుస్తకాలు రాశారు. అదే కాలంలో వాళ్ళ దేశపు కుంఫిణీ బందరులో బాకీల లెక్కలు రాసుకుంటూనే ఉంది.

రేవు సంగతి ఎలాగూ వచ్చింది. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరులో దిగారు. స్టెవిన్ అనే గణితవేత్త దశాంశ భిన్నాల మీద చిన్న పుస్తకం 1585లో అచ్చు వేశాడు కానీ వర్తకుల పుస్తకాల్లోకి ఆ పద్ధతి ఇంకా దిగలేదు. పెద్దది, చిన్నది అని చూపే >, < గుర్తులు మొదట అచ్చయింది ఇంగ్లీషు గణితవేత్త హారియట్ చనిపోయాక 1631లో వచ్చిన ఆయన పుస్తకంలో. అంటే ఇంగ్లీషువాళ్ళు బందరులో కొట్టు పెట్టి ఇరవై ఏళ్ళు బేరాలు చేశాకే ఆ గుర్తు పుట్టింది. అన్నేళ్ళూ ఒక టంకసాల వరహా పెద్దదా ఇంకో టంకసాల వరహా పెద్దదా అన్న పోలిక షరాబు గీటురాయి మీద తేలేది.

రేవులో పోలిక అసలైన ఇబ్బందిలో పడింది వజ్రాల దగ్గర. కృష్ణ ఒడ్డున పైన కొల్లూరు గనులు. అక్కడి రాళ్ళని వెతుక్కుంటూ తావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి 1652లో బందరులో ఓడ దిగాడు. గోల్కొండలో వాడే మంజాడి అనే తూనిక తమ కారెట్టులో 1 3/8 అని రాసుకున్నాడు. రాయి ధర దాని ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుందన్న సూత్రం కూడా ఆయన పుస్తకంలో ఉంది. ఎత్తు మూడు రెట్లయితే ధర తొమ్మిది రెట్లు. ఆ సూత్రాన్ని పట్టుకుని ఒక లెక్క వేద్దాం. కారెట్టు రాయి ధర ఒకటి అనుకుంటే, మంజాడి రాయి ధర 11/8ని వర్గం చేస్తే వచ్చే 121/64. కరణం గీతల్లో ఒకటీ ముప్పావూ రెండు వీసాలూ ఒక కాణి. సుఖంగా రాసెయ్యొచ్చు. ఇప్పుడు తిరగేసి అడుగుదాం: ధర సరిగ్గా రెట్టింపు కావాలంటే రాయి ఎంత తూగాలి? √2 కారెట్లు. మంజాడికి కొంచెం పైన. ఎంత పైన అంటే వీసాలు, కాణులు, కాణిలో కాణులు ఎన్ని పేర్చినా ముగియదు. మూడో వంతు కూడా ముగియలేదు కదా అనొచ్చు. మూడో వంతుకి దమ్మిడీ దొరికింది. √2కి ఏ నాణెమూ, ఏ తూనికరాయీ దొరకదు.

ఈ సంగతి ఈ నేలకి వజ్రాలకన్నా చాలా ముందే పరిచయం. తెలుగునాట వైదిక కుటుంబాల్లో ఎక్కువమంది ప్రవరలో చెప్పుకునే సూత్రం ఆపస్తంబం. ఆ ఆపస్తంబుడి పేరున ఉన్న శుల్బసూత్రాల్లో, చతురస్రానికి రెట్టింపు వైశాల్యం గల చతురస్రం కట్టడానికి తాడు ఎంత పొడవు ఉండాలో చెప్పారు. తాడుకి దాని మూడో వంతు కలుపు, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలుపు, ఆ నాలుగో వంతులో ముప్పై నాలుగో వంతు తీసెయ్యి. లెక్క వేస్తే 577/408. దీన్ని √2తో పోల్చడానికి కాలిక్యులేటర్ అక్కర్లేదు. 577 వర్గం 3,32,929. 408 వర్గానికి రెట్టింపు 3,32,928. ఒక్కటి తేడా! కాబట్టి 577/408 వెంట్రుకవాసి పెద్దది. రెండు వర్గమూలాల్ని పోల్చాలంటే వర్గాల్ని పోల్చు అన్న తొమ్మిదో తరగతి చిట్కా ఇదే. చతురస్రం కట్టే ఆ తాడు పేరు కరణి. మన పుస్తకాల్లోని కరణీయ సంఖ్య దాని వంశమే.

దివిసీమ అంచున ఘంటసాలలో ఉన్న బౌద్ధ స్తూపం గురించి, గుడివాడ, భట్టిప్రోలు స్తూపాలతో కలిపి అలెగ్జాండర్ రే 1894లో పుస్తకం వేశాడు. ఘంటసాల స్తూపం లోపల ఇటుకల చతురస్రం, దాని చుట్టూ వలయాకారపు గోడ, రెంటినీ కలిపే బండిచక్రపు ఆకుల్లాంటి అడ్డగోడలు. కట్టినవాళ్ళు ఏ లెక్క వాడారో ఇటుకలు చెప్పవు. చతురస్రం చుట్టూ వలయం తిప్పే పనిలో మాత్రం √2, పై రెండూ తప్పవు. మూల నుంచి మూలకి కొలిస్తే మొదటిది, వలయం చుట్టుకొలత వేస్తే రెండోది.

పై విలువల చరిత్ర అంతా ఒక అసమానతల వరస. మహావీరుడు స్థూలంగా 3 అన్నాడు, సూక్ష్మంగా √10 అన్నాడు. ఆర్యభటుడు 499లో 62832/20000 ఇచ్చాడు, అది ఆసన్నం మాత్రమే అని కూడా చెప్పాడు. భాస్కరుడి లీలావతిలో అదే విలువ 3927/1250గా కనిపిస్తుంది, మోటు లెక్కకి 22/7 ఉంది. వీటిని వరసలో పెడితే 3 < పై < 62832/20000 < 22/7 < √10. మహావీరుడు సూక్ష్మం అన్న √10 బడిపిల్లల 22/7కన్నా దూరంగా ఉండిపోవడం చూడండి. ఆర్యభటుడు ఆసన్నం అని ఎందుకు ఆగాడన్నదానికి కేరళకి చెందిన నీలకంఠ సోమయాజి తన భాష్యంలో వివరణ ఇచ్చాడు: వ్యాసాన్ని శేషం లేకుండా కొలిచే కొలబద్దతో చుట్టుకొలతని కొలిస్తే శేషం మిగులుతుంది. కొలబద్దని ఎంత చిన్నది చేసినా రెంటికీ ఒకేసారి కుదరదు. పై కరణీయం అన్న మాటని ఇంతకన్నా తేటగా చెప్పడం కష్టం. నిరూపణ మాత్రం లాంబర్ట్ చేతిలో 1761లో వచ్చింది.

1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలయ్యాయి. అణా అంటే ఆరుంపావు నయాపైస. కాణి అంటే 1.5625. ఈ రెండూ దశాంశాల్లో ముగుస్తాయి, ఎందుకంటే హారంలో రెళ్ళు తప్ప ఏమీ లేవు. దమ్మిడీ ముగియదు. 0.5208333 అంటూ మూడులు సాగుతూనే ఉంటాయి. అణాలోని ఆ పన్నెండే ఇప్పుడు అడ్డం తిరిగింది. అటు నయాపైసని పాత గీతల్లో రాయబోతే అదీ ముగియదు, వందలో అయిదులున్నాయి కనుక. భిన్నాన్ని కనిష్ఠ రూపంలో రాశాక హారంలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేకపోతేనే దశాంశం అంతమవుతుందని పదో తరగతిలో చెప్పే నియమం ఇక్కడ కళ్ళకి కడుతుంది. ఇంకో సంగతి కూడా. అంతమవడం, అంతం కాకపోవడం రాసే పద్ధతిని బట్టి మారుతుంది. 1/5 పదుల లెక్కలో 0.2, నాలుగుల లెక్కలో మూడు వీసాలు, ఆపైన వీసంలో మూడు వీసాలు, అలా తెగని వరస. అకరణీయమా, కరణీయమా అన్నది మాత్రం ఏ లెక్కలో రాసినా మారదు. పాఠ్యపుస్తకాలు ఈ రెండు వర్గీకరణల్నీ ఒకే ఊపులో చెప్పేస్తాయి. పిల్లలు రెండూ ఒకటే అనుకుంటారు. ఇక గీతల లెక్క విషయానికొస్తే, దాని చివరి ఆసరా కూడా పోయింది. గుడివాడ దగ్గర నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది.

ఇంతకీ √2 అనేది సంఖ్యేనా? రాయలేం, ముగించలేం, పోల్చగలం. ఈ మూడో మాటనే పట్టుకున్నాడు గణితవేత్త డెడెకిండ్. 1858 నవంబరులో, బందరులో నోబుల్ బడి పెట్టి పదిహేనేళ్ళయిన నాటికి, జ్యూరిక్‌లో కలనగణితం చెప్పడానికి పాఠం తయారు చేసుకుంటూ ఒక దారి కనిపెట్టాడు. 1872లో అచ్చు వేశాడు. అకరణీయ సంఖ్యలన్నిటినీ రెండు గుంపులు చెయ్యి. వర్గం 2కన్నా తక్కువయ్యే ధన సంఖ్యలు, వాటితో పాటు సున్న, రుణ సంఖ్యలన్నీ ఒక వైపు. వర్గం 2కన్నా ఎక్కువయ్యే ధన సంఖ్యలు రెండో వైపు. 577/408 రెండో వైపుకి పోతుంది. ఆ కోత ఉందే, అదే √2 అన్నాడు. పోలిక ఇక సంఖ్యల మీద చేసే పని కాకుండా సంఖ్యని పుట్టించే పని అయింది. పాఠ్యపుస్తకంలోని చివరి గీత గీయడానికి పనికొచ్చిన సాధనం అభ్యాసాల్లో ఎప్పుడూ చివరికి నెట్టేసే ఏది పెద్ద, ఏది చిన్న అన్న ప్రశ్నే. గీతల బొమ్మ అరవైల తర్వాత కొత్త గణితం పేరున సమితులతో పాటు బడుల్లోకి వచ్చింది. బొమ్మ బాగానే ఉంది. దాన్ని మొదటి పేజీలో పెట్టడం దగ్గరే నాకు అభ్యంతరం.

డెల్టాలో ఈ పోలికకి ఇప్పటికీ చట్టబలం ఉంది. కొల్లేరు అభయారణ్యం 1999 ఉత్తర్వుతో +5 కాంటూరు దాకా ఏర్పడింది, 308 చదరపు కిలోమీటర్లు. సముద్రమట్టం నుంచి అయిదడుగుల ఎత్తు లోపల ఉన్న చెరువుల గట్లని 2006లో కొట్టేశారు. +3కి తగ్గించాలని రైతులు, వద్దని పర్యావరణవాదులు. గుడివాడ, కైకలూరు వైపు ఈ ప్లస్సులు చదువుతో పని లేకుండా అందరి నోటా వినిపిస్తాయి. ఆ అయిదడుగులు కొలవడానికి ఒక సున్న ఉండాలి. విశాఖపట్నం, మద్రాసు సహా తొమ్మిది రేవుల్లో పోటుపాటులు కొలిచి 1909 నాటికి సర్వే శాఖ స్థిరపరిచిన సగటు సముద్రమట్టమే ఆ సున్న. సున్న ఏదో తేలకుండా పోలిక సాగదు. 1864 నవంబరు 1న బందరుని ముంచిన ఉప్పెన ఎత్తు సుమారు 13 అడుగులంటారు, 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చినది సుమారు 5 మీటర్లంటారు. అడుగుల్ని మీటర్లలోకి మార్చడం తేలిక. ఏ మట్టం నుంచి కొలిచారో తెలియకుండా వాటి మధ్య < గుర్తు వెయ్యకూడదు.

చివరగా ఎకరం. గుడివాడ పొలంలో ఎవరినడిగినా ఎకరానికి వంద సెంట్లు, సెంటుకి 48.4 చదరపు గజాలు అని చెబుతారు. అడుగుల్లో 43,560 చదరపు అడుగులు. పూర్వం సర్వే గొలుసు పొడవు 66 అడుగులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మరి ఎకరం సరిగ్గా చతురస్రంగా ఉంటే ఒక పక్క ఎంత? √10 గొలుసులు, అంటే 66√10 అడుగులు. మహావీరుడు వలయానికి వాడిన √10 ఇక్కడ పొలం గట్టు మీద ఎదురవుతుంది, ఈసారి ఉజ్జాయింపుగా కాకుండా అసలు విలువగానే. 208 అడుగులు పెడితే ఎకరానికి 296 చదరపు అడుగులు తక్కువ. 209 పెడితే 121 ఎక్కువ. 208.7 పెడితే నాలుగు పైచిలుకు తక్కువ. దశాంశాలు పెంచుకుంటూ పోయినా అటో ఇటో తేడా మిగులుతూనే ఉంటుంది. గీయడం మాత్రం తేలిక. గట్టు వెంట మూడు గొలుసులు పరిచి మేకు కొట్టాలి, అక్కడ లంబంగా ఒక గొలుసు పరిచి ఇంకో మేకు కొట్టాలి. మొదలు నుంచి ఆ రెండో మేకు దాకా తాడు లాగితే 9, 1 కలిపి 10, తాడు పొడవు √10 గొలుసులు. ఆ తాడుతో నాలుగు పక్కలూ వేస్తే వంద సెంట్లు.